వెన్నగిన్నెకు మన ఎండ పెట్టే పరీక్ష

వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు అని సామెత. అందులో నవ్వు ఎవరిమీదో తెలుస్తూనే ఉంది. దాని వెనక మన వంటింటి లెక్క కూడా ఒకటి ఉంది: మనిషికి కావలసింది నెయ్యి, వెన్న దానికి ముడిసరుకు. చల్ల చిలికి తీసిన వెన్నను నీళ్ళగిన్నెలో వేసి, నాలుగు రోజులది పోగవగానే కాచేస్తాం. మధ్యలో పిల్లల చేతిలో గోళీ అంత ముద్ద పడితే పడినట్టు. కృష్ణుడికి దక్కిన పేరు వెన్నదొంగ, నేతిదొంగ కాదు కదా అన్న సంగతి, ఇన్ని హరికథలు విన్నాక కూడా, మనకు తట్టలేదు.

నాలుకదేం తప్పు లేదు, తప్పంతా ఎండది. పాలకొవ్వు ఒక్క డిగ్రీ దగ్గర కరిగిపోయే వస్తువు కాదు, మెల్లమెల్లగా జావగారుతుంది. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఆ కొవ్వులో దాదాపు సగం గట్టిగా ఉంటుంది. 20 డిగ్రీలకు వచ్చేసరికి గట్టిభాగం అయిదో వంతుకు అటూఇటూగా పడిపోతుంది. 35 దాటితే ఏమీ మిగలదు, నూనే. రొట్టెమీద పూసుకునే వెన్నకు 16 నుంచి 22 డిగ్రీలు హాయి. 27 దాటితే ముద్ద అంచులు మెరుస్తాయి, అడుగున నూనె చెమర్చుతుంది. అలా ఒకసారి కరిగిన వెన్నను మళ్ళీ చల్లబరిచినా వెన్న కాదు. నీటిబొట్లను పట్టి ఉంచిన అల్లిక విడిపోతుంది, కొవ్వు పెద్ద పెద్ద పూసలుగా పేరుకుంటుంది, నాలుకకు ఇసుకలా తగులుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో వంటింటి అలమరాలో వెన్న పెట్టి చూడండి, మనవాళ్ళు నెయ్యి వైపు ఎందుకు మొగ్గారో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

కాబట్టి పాత వెన్నగిన్నెలు, అంటే వెన్నను బల్లమీద పెట్టుకునే మూతగిన్నెలు, కొనేవాళ్ళు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఏ కంపెనీ, ఏ కాలం, ఏ రంగు అన్నవి కావు. ఈ గిన్నె మన వేడిలో వెన్నను వెన్నగా ఉంచుతుందా? చాలావాటికి జవాబు లేదు అనే వస్తుంది. అవి చల్లటి దేశాల వంటిళ్ళకోసం పుట్టినవి. ఉంచగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిని పనిలో పెట్టాలి. అద్దాల బీరువాలో పెట్టిన వెన్నగిన్నె నాకు కవ్వం లేని చల్లకుండలా కనిపిస్తుంది.

గిన్నె సంగతికి వెళ్ళేముందు అందులో పెట్టే వెన్న.

మార్కెట్లో దొరికే పసుపుపచ్చ ఉప్పువెన్నకు మన ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు ఇవి: పాలకొవ్వు 80 శాతానికి తగ్గకూడదు, తేమ 16 శాతం దాటకూడదు, ఉప్పు 3 శాతం దాటకూడదు. తెల్లవెన్నకు కొవ్వు 76 శాతం ఉంటే చాలు. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, నిల్వ దగ్గర పెద్దదే. నీళ్ళు ఎక్కువ, ఉప్పు లేదు, పైగా పెరుగు తరకలు మిగిలి ఉంటాయి. తెల్లవెన్న త్వరగా పులుస్తుంది. పసుపురంగు చాలాసార్లు జాఫ్రా గింజలది, దాన్నే అనాటో అంటారు. గేదె తిన్న పచ్చగడ్డిలోని పసుపుపదార్థాన్ని తన ఒంట్లోనే విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది కాబట్టి గేదెవెన్న తెల్లగానే ఉంటుంది. ఆవు ఆ పని సగంలో వదిలేస్తుంది, అందుకే దాని వెన్నకు లేత పసుపు. తెల్లగా ఉంది కాబట్టి నాసిరకం అనుకునేవాళ్ళూ, పచ్చగా ఉంది కాబట్టి కల్తీ అనుకునేవాళ్ళూ ఒకే పొరపాటు చేస్తున్నారు.

మన ఉప్పువెన్న రుచి వెనక ఒక చరిత్ర ఉంది. 1950ల్లో ఆణంద్ సహకార డెయిరీ అమూల్ వెన్నను తెచ్చేనాటికి బొంబాయి జనం పాల్సన్ అనే కంపెనీ వెన్నకు అలవాటుపడి ఉన్నారు. పాల్సన్ వెన్న పులిసిన మీగడతో, దండిగా ఉప్పుతో చేసింది. తాజా మీగడతో చేసిన కొత్త వెన్న వాళ్ళకు చప్పగా తోచింది. ఉప్పూ రంగూ చేరాకే అది నిలదొక్కుకుంది. ఈరోజు దేశమంతా వెన్న అంటే ఇదే రుచి అనుకుంటున్నది ఆ పాత అలవాటు కొనసాగింపు. దాన్ని తక్కువ చేయడం లేదు. ఇరానీ హోటల్ బన్ను మస్కాకు ఆ ఉప్పే ప్రాణం. జొన్నరొట్టె మీదికి మాత్రం అది వద్దు.

పులియబెట్టిన మీగడ వెన్నకు యూరప్‌లో ఉన్న పేరు మనకు కొత్తగా అనిపించనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఇసిన్యి, షరాంత్-పొయితూ, బ్రెస్ ప్రాంతాల వెన్నలకు పుట్టిన ఊరి పేరుమీద రక్షణ ఉంది. వాటి వాసనకు మూలం మీగడను చిలికేముందు తోడు బ్యాక్టీరియాతో గంటలకొద్దీ మాగబెట్టడం. ఆ మాగుడులో డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది, మనం కమ్మటి వెన్నవాసన అనేది అదే. తోడుపెట్టి చిలికే మన పద్ధతీ ఇదే కోవలోది. తేడా ఎక్కడంటే, వాళ్ళు మీగడ ఒక్కదాన్నే చల్లగా మాగబెడతారు. మనం మొత్తం పాలనే వెచ్చగా తోడుపెట్టి, ఆ పెరుగంతా చిలికేవాళ్ళం. అందుకే మన వెన్నలో పులుపు ముందుంటుంది, కమ్మదనం వెనక వస్తుంది. పాలను పిడకల దాలిమీద పొద్దంతా కాచి తోడుపెట్టిన ఇళ్ళలో దానికి పొగవాసన కూడా తోడయ్యేది. ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా కొనలేని వెన్న అది.

ఇంట్లో మంచి వెన్న తీయాలంటే ముందు పాల ప్యాకెట్ మీద ‘హోమోజనైజ్డ్’ అన్న మాట ఉందేమో చూడాలి. ఉంటే ఆ పాలలో కొవ్వుబొట్లను చిన్నవిగా చితక్కొట్టారన్నమాట, మీగడ సరిగా పైకి తేలదు. విడిగా పోసే గేదెపాలు మేలు. 6 శాతం కొవ్వున్న లీటరు పాలలో 60 గ్రాముల కొవ్వు ఉన్నా, కాచి చల్లార్చి మీగడగా తీయగలిగేది అందులో కొంతే. రోజుకు లీటరు చొప్పున వారం తీస్తే సుమారు 200 గ్రాముల వెన్న వస్తుంది, అంతకుమించి ఆశపడొద్దు. పాలు కాగాక మూత కొంచెం తెరిచి చల్లారనివ్వాలి, తర్వాత ఎనిమిది గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మీగడ పొరగా తీయాలి. మొదటిరోజు మీగడలో ఒక చెంచా తియ్యటి పెరుగు కలిపితే తర్వాతి మీగడలన్నీ మంచి తోడులో పడతాయి. ఈ ఒక్క చెంచా మానేసి వారం రోజులు ఉత్త మీగడ పోగేస్తే, చలిలోనూ బతికే చెడ్డ సూక్ష్మజీవులు దాన్ని ఆక్రమిస్తాయి. చాలా ఇళ్ళలో వెన్న చేదెక్కడానికి కారణం ఇదే. నెయ్యి కాస్తే ఆ చేదు కొంత కప్పుబడుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వెన్నగా తినాలంటే దాచుకోవడానికి చోటు లేదు. ఎనిమిది రోజులు దాటిన మీగడ వద్దే వద్దు.

చిలికే రోజున మీగడను బయటపెట్టి, చలికాలం అయితే ఎనిమిది గంటలు, వేసవిలో నాలుగు గంటలు పులియనిచ్చి, మళ్ళీ గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. చిలికే వేడి 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉండాలి. అంతా దీనిమీదే ఆధారపడి ఉంది. ఇంకా చల్లగా ఉంటే నురగ కడుతుందేగాని వెన్న పడదు; కవ్వం బరువెక్కి చేతులు నొప్పి పుడతాయి. వెచ్చగా ఉంటే క్షణాల్లో వెన్న పడినట్టు కనిపిస్తుంది, చేతికి జిడ్డు అంటుకుంటుంది, ముద్ద కట్టదు, కొవ్వులో చాలాభాగం మజ్జిగలోనే పోతుంది. మిక్సీలో అయితే జార్‌ను మూడో వంతుకు మించి నింపకూడదు, ఆపి ఆపి తిప్పాలి. జార్ అడుగు వేడెక్కితే మూడు నాలుగు ఐసు ముక్కలు వేయాలి. మీగడంత చన్నీళ్ళు పోసి చిలుకుతుంటే ముందు చిక్కబడుతుంది, తర్వాత శబ్దం మారుతుంది. గుబగుబ అన్నది జలజలగా వినిపిస్తే వెన్న పడినట్టు. పూసలు ఆవగింజంత ఉన్నప్పుడు ఇంకొంచెం ఆగి, జొన్నగింజంత అవగానే ఆపాలి. ఇంకా చిలికితే పూసలు ముద్దలై మజ్జిగను లోపల పెట్టుకుంటాయి, ఎంత కడిగినా అది రాదు.

మజ్జిగ వంపి, ఐసు నీళ్ళతో మూడు నాలుగు సార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. అందరూ తేలిగ్గా తీసుకునేది ఈ కడుగుడే. తరవాత చెక్క తెడ్డుతో వెన్నను పళ్ళెం వాలుమీద వత్తుతూ నీళ్ళు పిండాలి. చేత్తో వత్తితే ఒంటి వేడి నేరుగా దానికి ఎక్కుతుంది. ఉప్పు వేసుకునేవాళ్ళు 200 గ్రాములకు 3 నుంచి 4 గ్రాములు, మెత్తగా పొడి చేసినదే వేయాలి. కల్లుప్పు గింజలు తగిలిన చోటల్లా చుట్టూ నీరు ఊరి, వెన్న కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

ఇక గిన్నెలు.

మన దగ్గర వెన్నగిన్నె లేదు అంటే అది సగమే నిజం. ఉట్టి ఉంది. ఉట్టిని పిల్లికీ చీమకూ పిల్లలకూ అందకుండా పెట్టే ఏర్పాటుగా మాత్రమే చూస్తాం. గాలాడే చోట వేలాడే మట్టికుండకు అడుగు కూడా తెరిచే ఉంటుంది. నేలమీద కూర్చున్న కుండకు పక్కలనుంచే చెమట ఆరుతుంది, ఉట్టిలోదానికి అన్నివైపులా ఆరుతుంది. ఆరే నీరు వేడిని పట్టుకుపోతుంది. ఒక లోపం ఉంది: వెన్న తాకిన మట్టికుండ రంధ్రాలు కొన్నాళ్ళకు జిడ్డుతో మూసుకుపోతాయి, ఆ తర్వాత కుండ చెమర్చడం మానేస్తుంది. లోపలిగిన్నె నునుపు పూతతో, బయటిది పూత లేని మట్టితో ఉంటే ఈ చిక్కు తప్పుతుంది. ఇంగ్లండులోనూ యూరప్‌లోనూ మట్టితో చేసిన వెన్న చల్లబరిచే గిన్నెలు సరిగ్గా ఈ పద్ధతిలోనే ఉంటాయి. కింద పూత పళ్ళెం, దానిమీద పూత లేని మట్టి గుమ్మటం. గుమ్మటాన్ని పావుగంట నీళ్ళలో నానబెట్టి బోర్లిస్తారు.

ఈ గిన్నె మన నేలలో ఎక్కడ పనికొస్తుంది? లెక్క తేలికే. నీరు ఆరడంవల్ల ఎంతవరకు చల్లబడగలదో గాలిలోని తేమ చెబుతుంది. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే తడి వస్తువు 23 డిగ్రీల దాకా దిగగలదు. హైదరాబాద్‌లో, కర్నూలులో, అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నాలు దాదాపు ఇలాంటివే. అదే 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న విశాఖలోనో కాకినాడలోనో అయితే 29 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ వెన్న జావే. ఇవి గాలి బాగా ఆడినప్పటి లెక్కలు, మూసిన వంటింట్లో ఇంకో రెండు మూడు డిగ్రీలు కలుపుకోవాలి. అంటే ఎండిన గాలి ఊళ్ళవాళ్ళు మట్టి గుమ్మటం కొనుక్కోవచ్చు. కోస్తావాళ్ళకు అది చెమట పట్టిన బొమ్మ, అంతే. కొన్న మట్టి గుమ్మటం చెమర్చడం లేదంటే ఎవరో దానికి వార్నిష్ పూసి ఉంటారు. పాత సామాను అమ్మేవాళ్ళకు మెరుపు మీద మోజు. కొనేముందు బయటివైపు ఒక నీటిబొట్టు వేయండి. పీల్చుకుంటే తీసుకోవచ్చు, ముత్యంలా నిలబడితే వద్దు.

గాలి చొరకుండా నీళ్ళతో మూసుకునే ఫ్రెంచి జాడీ రెండో రకం. అడుగున నీళ్ళు పోసే గిన్నె, పైన గంట ఆకారంలో ఉన్న మూత. మూత లోపలి గంటలో వెన్న కూరి, తలకిందులుగా నీళ్ళలో దించుతారు. నీరు గాలిని అడ్డుకుంటుంది, వెన్న మెత్తగా ఉన్నా ముక్కవాసన పట్టదు. మన ఇళ్ళలో వెన్నముద్దను నీళ్ళలో తేల్చి ఉంచినదీ ఇదే కిటుకుతో, పింగాణి హంగు లేకుండా. దీన్ని వాడేటప్పుడు జరిగే తప్పులు మూడున్నాయి. గట్టి వెన్నను అలాగే కూరితే మధ్యలో గాలిబుడగలు మిగిలి ముద్ద ఊడి నీళ్ళలో పడుతుంది. 20 డిగ్రీల మెత్తదనంలో, గంట లోపలిభాగం పొడిగా తుడిచి, అడుగునుంచి వత్తుతూ నింపాలి. రెండోది, నీళ్ళు మరీ ఎక్కువ పోయడం. మూత దించినప్పుడు నీరు వెన్న అంచును అంటితే చాలు. మూడోది నీళ్ళు మార్చకపోవడం. చల్లటి దేశంలో రెండు మూడు రోజులకోసారి మారుస్తారు, మనకు రోజూ మార్చక తప్పదు. కాచి చల్లార్చిన నీళ్ళు పావు లీటరుకు ఒక చెంచా ఉప్పు వేసి పోస్తే మేలు. ఇంత చేసినా 26, 27 డిగ్రీలు దాటితే ఆ మూత వెన్నను పట్టి ఉంచలేదు. కాబట్టి తెలుగునాట ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాడే పాత్ర. ఇంటి తెల్లవెన్నను సరిగా కడక్కుండా ఇందులో పెడితే నీళ్ళు రెండోరోజే తెల్లబడి పులిసిన వాసన కొడతాయి. ఆ తప్పు జాడీ మీద వేయకండి.

మూడో రకం మీద నాకు ప్రత్యేకమైన మమకారం. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఐసుపెట్టెలు ఉన్న ఇళ్ళకోసం తయారైన గిన్నెలు అవి. 1870, 80ల అమెరికాలో వెండిపూతవి విరివిగా వచ్చాయి. గుండ్రటి గిన్నె, పైన గుమ్మటం మూత, మధ్యలో చిల్లుల పళ్ళెం. పళ్ళెం కింద ఐసు, పైన వెన్న. ఐసు కరిగిన నీరు అడుగుకు పోతుంది, వెన్న తడవదు. ఇడ్లీపాత్రలో ఆవిరికి బదులు ఐసు ఉందనుకోండి. తేమతో గానీ ఎండతో గానీ దీనికి పేచీ లేదు, విజయవాడ మే నెలలో కూడా గుప్పెడు ఐసుముక్కలతో ఒక పూట భోజనం సాగిపోతుంది. కొనేటప్పుడు మాత్రం చిల్లుల పళ్ళెం ఉందో లేదో మొదట చూడాలి. ముందుగా పగిలిపోయేదీ పోయేదీ అదే. అది లేని గిన్నె ధర సగానికి పడినా నాకు అక్కర్లేదు. మరీ అందంగా ఉంటే, సరిగ్గా కూర్చునే స్టీలు చిల్లుల పళ్ళెం ఒకటి వేసుకోవచ్చు. శుద్ధవాదులు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

దీర్ఘచతురస్రం గాజు గిన్నెల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎక్కువమంది సేకరించేవి ఇవే, మనకు అతి తక్కువగా పనికొచ్చేవీ ఇవే. అమెరికాలో పావు పౌను, అంటే 113 గ్రాముల వెన్నకడ్డీ రెండు కొలతల్లో వస్తుంది. రాకీ పర్వతాలకు తూర్పున సన్నగా పొడుగ్గా, సుమారు 12 సెంటీమీటర్లు పొడవు, 3.2 వెడల్పు. పడమట పొట్టిగా లావుగా, సుమారు 8 సెంటీమీటర్లు పొడవు, 3.8 వెడల్పు. గిన్నెలూ ఆ కొలతలకే చేశారు. న్యూజెర్సీలో కొన్న గిన్నె కాలిఫోర్నియా వెన్నకే సరిగా అమరదంటే, అక్కడి బంధువులు సూట్‌కేసులో చుట్టి తెచ్చిన ఆ గిన్నె మన 100 గ్రాముల వెడల్పాటి పలచటి బిళ్ళకు ఎలా అమరుతుంది? బిళ్ళను నిలువుగా రెండు చేసి ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాలి. అమెరికాలో 21 డిగ్రీల వంటింట్లో ఉండే తెలుగువాళ్ళకు మాత్రం ఇవి రోజూ వాడదగ్గవే. అక్కడ కూడా తేటగాజుకన్నా పాలగాజు నయం. వెలుతురు సోకిన వెన్న కొవ్వొత్తి వాసన వేస్తుంది.

పాత సామాను కొనే చోట్లు అందరికీ తెలిసినవే: హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం అంగడి, ముంబై చోర్ బజార్. పాత ఇళ్ళ సామాను ఇక్కడికి చేరుతుంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించేవి అడుగున ‘ఈ.పి.ఎన్.ఎస్.’ అని ముద్ర ఉన్న తెల్లటి లోహపు గిన్నెలు. అమ్మేవాడు వెండి అంటాడు. ఆ అక్షరాలకు అర్థం నికెల్ వెండిమీద విద్యుత్తుతో వేసిన వెండిపూత. నికెల్ వెండిలోనేమో వెండే ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. ఈ పూత పద్ధతికి బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు 1743 ప్రాంతంలో షెఫీల్డ్‌లో థామస్ బూల్సోవర్ కనిపెట్టిన పద్ధతిలో రాగిరేకుకు వెండిరేకు అతికి సాగగొట్టేవాళ్ళు. అరిగిన అంచుల్లో ఎర్రగా రాగి తొంగిచూస్తే ఆ రకం అయ్యుండవచ్చు, పసుపు తిరిగిన బూడిదరంగు కనిపిస్తే నికెల్. రాగిమీద కూడా తర్వాతి కాలంలో విద్యుత్ పూత వేశారు కాబట్టి ఎరుపు చూసి ఎగిరి గంతేయకండి. అసలు వెండి అయితే ఇంగ్లండు ముద్రల్లో నడుస్తున్న సింహం గుర్తు ఉంటుంది.

వెండిపూత గిన్నెలో ఉప్పువెన్నను నేరుగా పెట్టకూడదు. ఉప్పు వెండిని తింటుంది, సూదిమొన గుంటలు పడతాయి. అందుకే వాటిలో చాలావాటికి లోపల గాజు గిన్నె ఉండేది. పూత పోయి రాగి బయటపడిన చోట ఇంకో ప్రమాదం: రాగి అణువంతైనా సరే, కొవ్వుకు ముక్కవాసన పట్టడాన్ని ఎన్నో రెట్లు తొందరపెడుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో వెన్న పెట్టొద్దని పెద్దవాళ్ళు అన్నది చిలుముకు భయపడే అయినా, రుచికీ అది సరైన మాటే.

పింగాణి గిన్నె చూసేటప్పుడు గోటితో మీటి వినాలి. గంటలా మోగితే మంచిది, డబ్ మన్నట్టు వినిపిస్తే ఎక్కడో వెంట్రుకంత పగులు ఉంది. మూత, అడుగు ఒకే జంటవి కాకపోవడం ఈ సరుకులో మామూలు. మూతను గిన్నెమీద తిప్పి చూస్తే ఒకచోట ఊగుతుంది, పూత తెలుపు ఛాయలు రెండూ కలవవు. పూత నిండా సన్నటి నెరియలు ఉన్న మట్టిపింగాణిని కొందరు ముచ్చటపడి కొంటారు. చూడడానికి అందమే. ఆ నెరియల్లోంచి కొవ్వు లోపలి మట్టిలోకి దిగి, గోధుమరంగు మరకై, గది వేడికి మక్కుతుంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి, పాత నూనెవాసన వస్తే అది గోడలోకి ఎక్కిన వాసన, సబ్బుకు పోదు. బ్లీచ్‌లో నానబెడితే నెరియల్లో ఇంకిన బ్లీచ్ తర్వాత పూతను పెచ్చులూడగొడుతుంది. వేడినీళ్ళూ వంటసోడా పేస్టూ నాలుగైదు సార్లు వాడి చూసి, పోకపోతే దాన్ని తాళంచెవులు వేసుకోవడానికి వాడుకోవడం మంచిది.

పాత రంగు పూతల్లో సీసం ఉండే అవకాశం నిజమే, లోపలివైపు ఎరుపు, నారింజ, ముదురు పసుపు రంగులుంటే మరీను. పుల్లటి వెన్న, ఉప్పువెన్న రెండూ అలాంటి పూతమీద ఎక్కువసేపు ఉండకూడదు. సీసం కోసం ఇంట్లో దూదిపుల్లతో రుద్ది చేసే పరీక్షలు నమ్మదగ్గవి కావు. తేటగాజు చిన్న గిన్నె లోపల పెట్టి వాడుకుంటే ఆ బెంగే ఉండదు. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొని పెట్టుకుంటే రెండు పనులకు వస్తుంది: యురేనియం కలిపిన పాత గాజు చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతుంది, జిగురుతో అతికిన చోట్లు చాలాసార్లు చుట్టుపక్కల రంగుకు భిన్నంగా నీలితెలుపుగా బయటపడతాయి.

మన ఇళ్ళలోనే ఉన్న ఒక పాత్రను సేకరించేవాళ్ళెవరూ చూడరు, రాచ్చిప్ప. బలపపురాయితో తొలిచిన ఆ గిన్నె పులుసులకే అనుకుంటాం. అది పులుపుకు కరగదు, లోహం కాదు, వెలుతురు చొరదు. పైగా మందం గోడలు చల్లదనాన్ని చాలాసేపు పట్టి ఉంచుతాయి. చిన్న రాచ్చిప్పను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున అందులో వెన్న వేసి బల్లమీద పెడితే ఏసీ లేని గదిలో కూడా టిఫిన్లు ముగిసేదాకా ముద్ద నిలుస్తుంది. కొత్తదైతే గంజితోనూ నూనెతోనూ వారం పది రోజులు పదును చేశాకే వాడాలి, లేకపోతే రాతిపొడి వెన్నలోకి వస్తుంది. పులుసు కాచిన చిప్ప మాత్రం దీనికి పనికిరాదు, ఇంగువ వాసన జన్మలో పోదు. వెన్న వాసనలను పీల్చినట్టు ఇంకేదీ పీల్చదు. ఫ్రిజ్‌లో కోసిన ఉల్లిపాయ పక్కన రాత్రంతా తెరిచిపెట్టిన వెన్నను తెల్లారి ఎవరికీ పెట్టలేరు.

ఏ గిన్నె అయినా అందులో రెండు రోజులకు సరిపడేదే ఉంచాలి, నలుగురున్న ఇంటికి 80 నుంచి 100 గ్రాములు. మిగతాది 50 గ్రాముల ముద్దలుగా వెన్నకాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో డీప్‌ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఉప్పు లేనిదైనా రెండు నెలలు రుచి చెడదు. ముందురోజు రాత్రి కింది అరకు దించి, తినే ముందు అరగంట బయట ఉంచాలి. పాతదాని మీద కొత్త వెన్న నింపకండి, అడుగు గీకి, వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపాలి.

తినడం దగ్గర నా పక్షపాతం దాచుకోను. తెల్లవెన్నకు వేడి జొన్నరొట్టె, దిబ్బరొట్టె, సర్వపిండి. వేడి తగ్గకముందే వేయాలి, పూయకూడదు, ముక్కగా పెట్టి కరిగీ కరగకముందే తినాలి. సగం చల్లగా సగం కరిగి ఉన్న ఆ అర నిమిషం నెయ్యి ఎప్పటికీ ఇవ్వలేనిది. ఆవకాయ అన్నంలో నెయ్యే గొప్పదని వాదించేవాళ్ళు ఒకసారి పులియబెట్టిన తెల్లవెన్నతో కలిపి చూడాలి. ఆవఘాటును నెయ్యి మెత్తబరుస్తుంది, వెన్నలోని పులుపు దానికి ఎదురు నిలుస్తుంది. గోంగూరకు మాత్రం వద్దు, పులుపుమీద పులుపు. అక్కడ నెయ్యిదే గెలుపు. పెసరట్టుకు ఉప్పువెన్న బాగుంటుంది గాని అల్లం పచ్చడి పక్కన పెట్టుకుంటే రెండూ చెడతాయి.

మార్చి రెండోవారం రాగానే ఫ్రెంచి జాడీని కడిగి, మూత విడిగా పెట్టి, కాగితం చుట్టి పైఅరలో పెట్టేయండి. మూత బిగించి దాస్తే నవంబరులో తీసేసరికి లోపల బూజువాసన ఉంటుంది. మట్టి గుమ్మటాన్ని అప్పుడే కిందికి దించి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే మొదటిసారి నానబెట్టాలి.